హాలీ, కల్దారు, బిట్‌కాయిను

మా అమ్మమ్మ సందూకలో, పాత పట్టుచీర మడతల మధ్య ఒక వెండి రూపాయి ఉండేది. ఒకవైపు చార్మినారు బొమ్మ, దాని నడిమి ద్వారంలో చిన్న ఉర్దూ అక్షరం. దసరాకి సందూక తెరిచినప్పుడు దాన్ని మా చేతికిచ్చి, మళ్ళీ వెంటనే లాగేసుకునేది. "రూపాయలల్ల రెండు తీర్లు బిడ్డా. ఇది హాలీ. ఇంకోటి కల్దారు. ఏడు హాలీలిస్తె ఆరు కల్దార్లొచ్చేటివి" అనేది.

చిన్నప్పుడు ఆ లెక్క నాకు మింగుడుపడేది కాదు. రూపాయి అంటే రూపాయే కదా. ఏడు ఇచ్చి ఆరు తెచ్చుకోవడం ఏంటి? ఆ ఒక్కటి ఎవడు నొక్కేశాడు?

కిందటేడు చిన్నమ్మ కొడుకు ఫోన్ చేసినప్పుడు ఆ ప్రశ్న మళ్ళీ గుర్తొచ్చింది. వాడికి 23 ఏళ్ళు, హైదరాబాదులో ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు. "అన్నా, ఒక గ్రూపుల చేరిన. ఫారెక్సు, క్రిప్టో రెండూ చేస్తరట. రోజుకు రెండు పర్సెంటు గ్యారంటీ అంటున్నరు. నువ్వు గప్పట్ల బిట్‌కాయిన్ల మంచిగ సంపాయించినవ్ గద. నీకు తెలుస్తదని అడుగుతున్న."

సంపాదించిన మాట సగం నిజం. 2021 నవంబర్లో ఒక పెళ్ళిలో వాడి ముందు ఫోన్ తెరిచి, 60 వేలు లక్ష దాటిందని చూపించాను. ఆ తర్వాత ఏడాదికి ఆ లక్ష ఏమైందో వాడికే కాదు, ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఇలాంటి కథల్లో మొదటి సగం పెళ్ళిళ్ళలో చెప్పుకుంటాం. రెండో సగం మనతోనే ఉండిపోతుంది. వాడా గ్రూపులో చేరడంలో నా గొప్పల పాత్ర ఎంతో కొంత ఉందని నాకు ఆ రోజే అర్థమైంది.

కరెన్సీ ట్రేడింగ్ నేర్పే వీడియోలకు యూట్యూబులో కొదవ లేదు. అన్నీ ఎర్రవి పచ్చవి కొవ్వొత్తుల చార్టులతో మొదలవుతాయి. నేను వాడికి ఆ రూపాయితో మొదలుపెట్టి చెప్పాను. ఇక్కడా అదే చేస్తాను.

*

హాలీ సిక్కా అంటే ప్రస్తుతం చెల్లుబాటులో ఉన్న నాణెం. పేరులోనే ఒక కంగారు ఉంది: ఇంతకుముందువి చెల్లకపోవచ్చు, ఇది చెల్లుతుంది. 1850ల చివర్లో మొదటి సాలార్‌జంగ్ దివానుగా ఉన్న రోజుల్లో ఈ నాణెం వచ్చింది. అంతకుముందు నిజాం రాజ్యంలో టంకసాల అంటే ఒక్క హైదరాబాదుదే కాదు. గద్వాల, నారాయణపేట లాంటి చోట్ల కూడా నాణేలు అచ్చయ్యేవి. ఒక్కో ఊరి రూపాయిలో ఒక్కో పాళ్ళలో వెండి. సంతలో ఎద్దును అమ్ముకున్న రైతుకి తన చేతిలో పడినవి ఎన్ని రూపాయలో తెలుసు, ఎంత డబ్బో తెలీదు. అది షరాబు చెప్పాలి.

కల్దారు అంటే బ్రిటిష్ ఇండియా రూపాయి. 'కల్' అంటే యంత్రం. యంత్రం మీద అచ్చయింది కాబట్టి కల్దారు. అప్పటి హాలీలు సుత్తి దెబ్బతో కొట్టినవి, అంచులు సమంగా ఉండవు. సికింద్రాబాదు కంటోన్మెంటులో కల్దారు నడిచేది, నగరంలో హాలీ. ఒక చెరువు గట్టుకి అటొక రూపాయి, ఇటొక రూపాయి.

ఏడుకి ఆరు అనే లెక్క ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోవాలని అమ్మమ్మ పోయాక ఆ నాణేన్ని నేను తూకం వేయించాను. ద్వారంలో ఉన్న అక్షరం ఐన్. ఉస్మాన్ అలీ ఖాన్ పేరులో మొదటి అక్షరం. ఆయన తండ్రి మహబూబ్ అలీ ఖాన్ కాలపు చార్మినారు రూపాయి మీద అదే చోట మీమ్ ఉంటుంది. ఆ కాలపు హాలీ బరువు సుమారు 11.18 గ్రాములు, అందులో వెండి 81.8 శాతం. అంటే 9.14 గ్రాముల అసలు వెండి. కల్దారు బరువు 11.66 గ్రాములు, అందులో వెండి 12 పాళ్ళకు 11. అంటే 10.69 గ్రాములు. ఏడు హాలీల్లో వెండి 64 గ్రాములు. ఆరు కల్దార్లలోనూ 64 గ్రాములే, ఏదో చిటికెడు తేడా.

ఎవడూ ఏదీ నొక్కెయ్యలేదన్నమాట. ఏడుకి ఆరు అనేది అన్యాయం కాదు, త్రాసు. వంద కల్దార్లకు 116 హాలీ రూపాయల 10 అణాల 8 పైలు అని లెక్కల పుస్తకాల్లో రాసుకున్నది కూడా ఈ ఏడు-ఆరు లెక్కే. ఇవాళ ఫారెక్స్ భాషలో 'కరెన్సీ పెయిర్' అంటున్నది దీన్నే. ఏ డబ్బుకీ ఒంటరిగా ధర ఉండదు. ఇంకో డబ్బుతో తూచినప్పుడే దాని ధర తెలుస్తుంది.

*

మన భాష ఈ సంగతిని మర్చిపోలేదు. నాణెం, నాణ్యం అన్న మాటలు పక్కపక్కనే ఉంటాయి. నాణ్యత అని మనం బియ్యం గురించి, బట్ట గురించి అంటున్నది నాణేల లోకానికి చుట్టమైన మాటే. డబ్బు అనేది ఒకప్పుడు ఒక రాగి నాణెం పేరు. దాన్నే ఇంగ్లీషువాళ్ళు 'డబ్' అని రాసుకున్నారు. కాసు కూడా నాణెమే. వరహా, మాడ, రూక, పణం, దుడ్డు, దమ్మిడీ, అన్నీ ఒకప్పుడు చేతిలో పట్టుకుని కొరికి చూసిన వస్తువులు.

వీటి మధ్య మార్పిడి జరిగినప్పుడు షరాబు పట్టుకునే తరుగు పేరు వట్టం. కొన్నిచోట్ల బట్టా. నాణెం అరిగితే వట్టం, పాతదైతే వట్టం, పక్క రాజ్యానిదైతే వట్టం. రాజు ముద్ర వేస్తాడు, కానీ ఆ ముద్ర ఇవాళ ఎంత పలుకుతుందో బజారులో చాప పరుచుకుని కూర్చున్నవాడు చెబుతాడు.

వజ్రాల కోసం గోల్కొండకు వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే ఈ షరాబుల గురించి రాశాడు. ఆయన పుస్తకం 1676లో అచ్చయింది. అందులో ఒక విషయం నాకు మహా ఇష్టం. గోల్కొండలో పాత వరహాలు, కొత్త వరహాలు రెండూ నడిచేవట. బంగారం రెండింట్లోనూ ఒకటే. కానీ పాత వరహాకు ఎక్కువ ధర పలికేది. వాటిని కరిగిస్తే దేశానికి అరిష్టం అని షరాబుల నమ్మకం. కరిగించకుండా ఉంచినందుకు వాళ్ళు రాజుకి ఏటా సొమ్ము కూడా చెల్లించేవారట. పాతవీ కొత్తవీ పక్కపక్కన ఉన్నంత కాలం మార్పిడి ఉంటుంది, మార్పిడి ఉన్నంత కాలం వట్టం ఉంటుంది. అరిష్టం రాజ్యానికా, షరాబుల ఆదాయానికా అన్నది మనం ఊహించుకోవచ్చు.

బంగారం అంతే ఉండి ధర పెరగడం అంటే, ఆ పెరిగిన భాగం మొత్తం నమ్మకానిదే. ఆ నమ్మకానికి కాపలా కాసేవాళ్ళకు అందులో లాభం ఉంది. 'అస్సలు అమ్మకండి, ఇంకా పెరుగుతుంది' అని ఎవరైనా అంటున్నప్పుడు నాకు గోల్కొండ షరాబులు గుర్తొస్తారు.

తీరంలో ఇంకో రకం గజిబిజి. చెన్నపట్నంలో కంపెనీ లెక్కలు నక్షత్ర వరహాల్లో సాగేవి. వరహాకు 42 పణాలు, పణానికి 80 కాసులు అని పుస్తకంలో రాత. బజారులో మాత్రం ఆ రేటు రోజూ అలాగే ఉండాలని రూలేం లేదు. జీతం వరహాల్లో లెక్కగట్టి, చేతికి చిల్లర పణాల్లో ఇస్తే మధ్యలో తేడా ఎవరిదో చెప్పనక్కర్లేదు. 1818లో మద్రాసు ప్రెసిడెన్సీ రూపాయికి మారింది. వరహాకు మూడున్నర రూపాయలని లెక్క కట్టారు. 1835లో కంపెనీ పాలనలోని ప్రాంతాలన్నిటికీ ఒకే రూపాయి వచ్చింది. కల్దారు ఆ రూపాయి సంతతే.

*

హాలీకి కల్దారుకి మధ్య వెండి త్రాసు ఉంది సరే. మరి కల్దారుకి పౌనుకి మధ్య?

పౌను బంగారం మీద నిలబడింది, రూపాయి వెండి మీద. అమెరికాలో నెవాడా గనుల నుంచి వెండి విపరీతంగా వచ్చింది. 1870ల మొదట్లో జర్మనీ బంగారానికి మారి తన పాత వెండిని మార్కెట్లోకి వదిలింది. వెండి ధర పడింది. దానితోపాటు రూపాయి కూడా. 1870ల మొదట్లో రూపాయికి 23 పెన్నీల దాకా వచ్చేవి. 1893 నాటికి 15 పెన్నీల చుట్టుపక్కల. గుంటూరు రైతు పండించే పత్తిలో మార్పు లేదు, కట్టే శిస్తులో మార్పు లేదు. అతనికి సంబంధం లేని ఏదో దేశపు నిర్ణయం వల్ల అతని రూపాయి మూడోవంతు సన్నబడింది. ప్రభుత్వానికి లండన్‌లో కట్టాల్సిన పింఛన్లు, వడ్డీలు అన్నీ పౌన్లలో ఉండేవి. అవే పౌన్లు కొనడానికి ఇక్కడ ఇంకా ఎక్కువ రూపాయలు కావాల్సి వచ్చేది. ఆ భారం చివరికి ఎవరి మీద పడుతుందో చెప్పాలా?

1893 జూన్‌లో బ్రిటిష్ ఇండియా టంకసాలలు ఒక తలుపు మూశాయి. అప్పటిదాకా ఎవరైనా వెండి తీసుకెళ్ళి ఇస్తే రూపాయలు కొట్టి ఇచ్చేవాళ్ళు. అది ఆగిపోయింది. రూపాయలు అరుదయ్యాయి. మెల్లగా రూపాయి విలువ అందులోని వెండిని దాటి పైకి లేచింది. 1899 నాటికి 16 పెన్నీల దగ్గర, అంటే పౌనుకి 15 రూపాయల దగ్గర నిలబడింది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి చూద్దాం. వెండి రూపాయి అదే బరువు, అదే మెరుపు. కానీ ఇప్పుడది వెండి కాదు, వెండి మీద వేసిన ఒక చీటీ. సరఫరా బిగబట్టడం వల్ల వచ్చిన విలువ. 115 ఏళ్ళ తర్వాత ఎవరో ఒకాయన కంప్యూటర్ ముందు కూర్చుని చేసింది దాదాపు ఇదే. ఆ మాటకి తర్వాత వస్తాను.

కల్దారు అలా పైకి లేస్తే, వెండి వెంటే ఉన్న హాలీ దానితో పోలిస్తే కిందికి జారింది. ఏడు-ఆరు త్రాసు చెదిరి, రేటు ఊగిసలాడింది. నిజాం ప్రభుత్వం టంకసాలను గట్టిగా చేతిలోకి తీసుకుని, 1900ల మొదట్లో యంత్రం మీద చార్మినారు రూపాయిని కొట్టించడం ఆ ఊగిసలాటకు విరుగుడుగానే. అంటే మా అమ్మమ్మ నాణెం కూడా కల్దారే ఒక రకంగా. యంత్రం మీదదే. కానీ జనం పేరు మార్చలేదు.

మొదటి ప్రపంచ యుద్ధంలో వెండికి కరువొచ్చి 1918లో హైదరాబాదు కాగితపు నోట్లు వేసింది. ఆ నోట్ల మీద ఉర్దూతోపాటు తెలుగు, మరాఠీ, కన్నడం కూడా ఉండేవి. 1948 తర్వాత హాలీ రోజులు దగ్గరపడ్డాయి. 1950లలో క్రమంగా హాలీ వెనక్కి వెళ్ళి ఇండియా రూపాయి నిలబడింది. అదే లెక్క, ఏడుకి ఆరు. తాత జీతం 70 హాలీలు. ఓ నెల 60 రూపాయలు చేతికొచ్చాయి. లెక్కకి తేడా లేదు. "కూరగాయలామె మాత్రం ఏడుకి ఆరు తియ్యలే. నిన్న రూపాయంటే నేడు గూడ రూపాయే అన్నది" అని అమ్మమ్మ జీవితాంతం అంది. కరెన్సీ మారినప్పుడు రేటు కాగితం మీద ఒకలా ఉంటుంది, గంప దగ్గర ఇంకోలా ఉంటుంది. ఆమె ఆ ఒక్క నాణేన్ని మార్చకుండా దాచుకోవడానికి అది ఒక కారణం అనుకుంటాను.

*

ఇప్పుడు తమ్ముడి గ్రూపు దగ్గరికి వద్దాం.

ఫారెక్స్‌లో జరిగేది షరాబు చాప మీద జరిగిందే. డాలర్ కొనే రేటు ఒకటి, అమ్మే రేటు ఇంకోటి. మధ్య తేడాని స్ప్రెడ్ అంటారు. మనం వట్టం అనేవాళ్ళం. విమానాశ్రయంలో డబ్బు మార్చుకున్నవాళ్ళందరికీ ఇది అనుభవమే. ఒక చేత్తో డాలర్లు కొని రెండో చేత్తో వెంటనే అక్కడే అమ్మితే, రేటు కదలకపోయినా మన జేబు తేలికవుతుంది. రోజుకి ఇరవైసార్లు కొని అమ్మేవాడు ఇరవైసార్లు వట్టం కడతాడు. ఈ ఆటలో తప్పకుండా సంపాదించేది చాప వేసినవాడు.

రెండో మాట లీవరేజ్, అంటే అప్పు. షరాబు కాలంలో లేని వేగం దీనివల్ల వచ్చింది. కరెన్సీలు మామూలుగా రోజుకి అరశాతం కూడా కదలవు. దానివల్ల ఏం లాభం అని, మీ 10 వేలకి 50 రెట్లు అప్పిచ్చి 5 లక్షల బేరం చేయనిస్తారు. అనుకున్న వైపు 2 శాతం కదిలితే 10 వేలు లాభం, అంటే డబ్బు రెట్టింపు. అవతలి వైపు అదే 2 శాతం కదిలితే 10 వేలూ పోయినట్టే. చార్టు మళ్ళీ మీ వైపు తిరుగుతుందేమో, కానీ అప్పటికి మీరు ఆటలో ఉండరు.

మూడోది చట్టం. మన దేశంలో విదేశీ మారకం 1999 నాటి ఫెమా చట్టం కిందికి వస్తుంది. గుర్తింపు పొందిన ఎక్స్ఛేంజీల్లో, అనుమతించిన జంటల్లోనే ట్రేడింగ్. రూపాయి ఉన్న జంటల్లో చెయ్యాలన్నా, దాని వెనక నిజమైన విదేశీ మారకపు లావాదేవీ ఉండాలని రిజర్వ్ బ్యాంక్ 2024లో స్పష్టం చేసింది. అంటే ఎగుమతి చేసేవాడు, ఫీజు కట్టాల్సినవాడు రేటు మారుతుందన్న భయానికి కాపు కాసుకోవడానికి. విదేశీ యాప్‌లకి మార్జిన్ డబ్బు పంపడానికి అనుమతి లేదు. అనుమతి లేని వేదికల పేర్లతో రిజర్వ్ బ్యాంక్ ఒక హెచ్చరిక జాబితా కూడా పెట్టింది.

ఇక రోజుకి రెండు శాతం గ్యారంటీ. వాడి చేతే ఫోన్ క్యాలిక్యులేటర్లో వేయించాను. 10 వేలు, రోజుకి 2 శాతం, లాభం మీద లాభం. ఏడాది చివరికి కోటి 37 లక్షలు. రెండో ఏడాది చివరికి వచ్చే అంకెను చదవడానికి ఇద్దరం సున్నాలు లెక్కపెట్టుకోవాల్సి వచ్చింది. "ఇట్లైతె అందరూ టాటాలే గద అన్నా" అన్నాడు. నవ్వాడు కానీ, నవ్వులో ఏదో తేడా ఉంది. అప్పుడు నేను పట్టించుకోలేదు.

*

మరి బిట్‌కాయిన్ కూడా ఇదేనా? కాదు. ఇక్కడ జాగ్రత్తగా మాట్లాడాలి. మోసాన్ని, ప్రమాదాన్ని ఒకే గాటన కట్టడం కూడా ఒక రకం అజ్ఞానమే.

14వ శతాబ్దంలో మహమ్మద్ బిన్ తుగ్లక్ వెండి టంకాకి బదులు రాగి, ఇత్తడి నాణేలు వేసి, వాటిని వెండితో సమానంగా చూడమన్నాడు. ఆలోచన తప్పు కాదు, ఇవాళ మన నోటూ అంతే కదా. కానీ దొంగ నాణెం కొట్టడం ఎవరికైనా చేతనయ్యే పని. ఆ కాలపు చరిత్రకారుడు బరనీ రాసినదాన్నిబట్టి ఇంటింటా ఒక టంకసాల వెలిసింది. చివరికి సుల్తాను ఆ రాగిని వెనక్కి తీసుకుని ఖజానా నుంచి వెండి ఇవ్వాల్సొచ్చింది. దేన్నైనా డబ్బు అనొచ్చు, కానీ దాన్ని ఎవడుపడితే వాడు తయారుచెయ్యకుండా ఆపగలగాలి. పాఠం అది.

2008 అక్టోబరు 31న సతోషి నకమోతో అనే పేరుతో వచ్చిన తొమ్మిది పేజీల పత్రం ఈ చిక్కుకే ఒక జవాబు. ఆ పేరు వెనకున్నది ఎవరో ఇప్పటికీ ఎవరూ తేల్చలేదు. ఊరి షావుకారు చిట్టా ఆవర్జా రాసుకుంటాడు. ఊరంతా ఆ ఒక్క పుస్తకాన్ని నమ్మాలి. పేజీ చింపినా, అంకె దిద్దినా మనకి తెలీదు. అలాకాకుండా ఆ చిట్టా నకలు ఊళ్ళో ప్రతి ఇంట్లో ఉంటే? కొత్త పేజీ రాయాలంటే ఎవరో ఒకరు చాలా కరెంటు ఖర్చుపెట్టి ఒక కష్టమైన లెక్క చెయ్యాలి. అది సరైందో కాదో మిగతావాళ్ళందరూ క్షణంలో సరిచూడొచ్చు. ప్రతి పేజీకి దాని ముందు పేజీతో ముడి ఉంటుంది, ఒక్కటి దిద్దితే తర్వాతవన్నీ చెదురుతాయి. బ్లాక్‌చెయిన్ అంటే ఇదే. పేజీ రాసినవాడికి కూలి కొత్త బిట్‌కాయిన్లు.

2009 జనవరి 3న మొదటి పేజీ తెరుచుకుంది. అందులో ఆ రోజు లండన్ టైమ్స్ పత్రిక శీర్షిక ఒకటి దాచి ఉంది. బ్యాంకులను ప్రభుత్వం మళ్ళీ ఆదుకోబోతోందన్న వార్త. కూలి మొదట 50 బిట్‌కాయిన్లు. సుమారు నాలుగేళ్ళకోసారి అది సగమవుతుంది. 2024 ఏప్రిల్ నుంచి 3.125. మొత్తం ఎప్పటికీ 2 కోట్ల 10 లక్షలు దాటవు. 1893లో టంకసాల తలుపు మూసినట్టే, ఇక్కడ తలుపు మెల్లమెల్లగా మూసుకునేలా ముందే రాసిపెట్టారు. తేడా ఏంటంటే, ఆ తలుపు వెనక ఒక ప్రభుత్వం ఉంది, పన్నులు ఆ రూపాయల్లోనే తీసుకునేది. ఈ తలుపు వెనక ఎవరూ లేరు. కొందరికి అదే దాని గొప్ప, ఇంకొందరికి అదే దాని లోపం. 2010 మే 22న ఫ్లారిడాలో ఒకాయన రెండు పిజ్జాలకు 10 వేల బిట్‌కాయిన్లు ఇచ్చాడు. ఆయన్ని చూసి నవ్వుతాం కానీ, దాన్ని నిజంగా డబ్బులా వాడింది ఆయనే. మిగతా మనమంతా పాత వరహాల్లా దాచుకున్నవాళ్ళమే.

చిట్టా ఇప్పటిదాకా నిలబడింది. పడిపోయినవి దాని చుట్టూ వేసిన చాపలు. టోక్యోలోని మౌంట్ గాక్స్ 2014లో దివాళా తీసినప్పుడు సుమారు 8.5 లక్షల బిట్‌కాయిన్లు కనబడలేదు, కొన్ని తర్వాత దొరికాయి. ఎప్పటికీ ఒక డాలరే అని చెప్పుకున్న టెర్రా నాణెం 2022 మేలో కొద్ది రోజుల్లో కుప్పకూలింది. ఏడుకి ఆరు నిలబడిందంటే ఏడు నాణేల్లో 64 గ్రాముల వెండి ఉంది కాబట్టి. దీని వెనకున్నది ఇంకో నాణెం మీది నమ్మకం మాత్రమే. అదే ఏడు నవంబర్లో ఎఫ్‌టీఎక్స్ కూలింది. దాని యజమానికి అమెరికా కోర్టు 2024లో 25 ఏళ్ళ శిక్ష వేసింది. యాప్‌లో కనబడే అంకె మన నాణెం కాదు, షరాబు మనకి రాసిచ్చిన చీటీ. తాళం మన దగ్గర ఉంటేనే నాణెం మనది. ఆ తాళం 12 లేదా 24 మాటల వరస. పోగొట్టుకుంటే ఏ బ్యాంకు మేనేజరూ మళ్ళీ ఇవ్వడు.

మన దగ్గర రిజర్వ్ బ్యాంక్ 2018 ఏప్రిల్లో బ్యాంకులను వీటికి దూరంగా ఉండమంది. 2020 మార్చి 4న సుప్రీంకోర్టు ఆ ఆదేశాన్ని కొట్టేసింది. 2022 నుంచి లాభం మీద 30 శాతం పన్ను, ఆ ఏడు జులై నుంచి అమ్మకం మీద 1 శాతం టీడీఎస్. పన్ను కడుతున్నాం కాబట్టి ఇది చట్టబద్ధమైన డబ్బు అనుకోవద్దు. పన్ను వెయ్యడం వేరు, చెల్లుబాటు ఇవ్వడం వేరు. దీన్ని హాలీ అనడానికి లేదు.

*

ఇక నా రెండో సగం కథ. 60 వేలు పెట్టాను. సగం బిట్‌కాయిన్, సగం పేర్లు కూడా సరిగ్గా పలకలేని చిన్న నాణేలు. 2021 నవంబర్లో లక్షా 5 వేలయింది. అప్పుడు బిట్‌కాయిన్ 69 వేల డాలర్ల దాకా వెళ్ళింది. ఏడాదికి 16 వేల డాలర్ల దగ్గరుంది. చిన్నవి చాలావరకు చచ్చాయి. భయపడి అంతా అమ్మేస్తే 19 వేలొచ్చాయి. మధ్యలో ఒక నాణెం మీద 8 వేలు లాభం వచ్చింది. నష్టాలను లాభంలోంచి తీసెయ్యడానికి మన చట్టం ఒప్పుకోదు. అందుకని మొత్తం మీద 41 వేలు పోగొట్టుకున్న నేను, 8 వేల లాభం మీద సెస్సుతో కలిపి 2,496 రూపాయల పన్ను కట్టాను. ఆ తర్వాత రెండేళ్ళకి బిట్‌కాయిన్ లక్ష డాలర్లు దాటింది. అదీ చూశాను. ధర పెరుగుతుందా లేదా అన్న ప్రశ్నకి సరైన జవాబు తెలిసినా నేను నష్టపోయేవాడినే. పడినప్పుడు ఆగగలిగే డబ్బు కాదది, ఇంటి అద్దెకి దాచింది.

ఇదంతా చెప్పాక తమ్ముడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు. "అన్నా, నేను చేరుతా అన్లే. చేరిన అన్న. పద్దెనిమిది వేలు పెట్టిన. యాప్‌ల యాభై రెండు వేలు చూపిస్తుంది. తీసుకుందామంటె ముందుగాల ట్యాక్స్ ఆరు వేలు కట్టమంటున్నరు. అది కట్టాల్నా వద్దా అని అడుగుదామనే ఫోన్ చేసిన."

ఆ నవ్వులో తేడా అప్పుడర్థమైంది. పన్ను మన లాభంలోంచి పోతుంది గానీ, లాభం ఇచ్చేముందు ఎవడూ కొత్తగా జేబులోంచి కట్టమనడు. ఆ యాభై రెండు వేలు స్క్రీన్ మీది అంకె, అంతే. పైసా కట్టొద్దన్నాను. 1930కి ఫోన్ చేయించాను, సైబర్ క్రైమ్ పోర్టల్లో ఫిర్యాదు పెట్టించాను. పద్దెనిమిది వేలు ఇంకా రాలేదు. వస్తాయని చెప్పలేను.

"నువ్వు గప్పుడే చెప్తె అయిపోవు గదన్నా, పోయినయ్ అని" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

తర్వాత ఒక ఆదివారం వాణ్ణి తీసుకుని పాతబస్తీ వెళ్ళాను, అమ్మమ్మ హాలీ జేబులో వేసుకుని. పాత నాణేల దుకాణం ఆయన దాన్ని వేళ్ళ మధ్య తిప్పి, అంచు తడిమి, త్రాసులో వేసి ఒక ధర చెప్పాడు. తమ్ముడు గ్లాసు కింద ఉన్న అలాంటిదే ఇంకో నాణెం చూపించి అదెంత అని అడిగాడు. ఆయన ఇంకో ధర చెప్పాడు, మొదటిదాని కన్నా బాగా ఎక్కువ.

"రెండూ ఒక్కటే గద చాచా" అన్నాడు వాడు.

"ఒక్కటే బేటా. అది కొనేది, ఇది అమ్మేది" అన్నాడాయన.

నాణెం తీసుకుని బయటికొచ్చాం. అమ్మలేదు.